వెనక్కి జరిగే ఒడ్డు

ఆరవ ప్రకరణం

ఘోషవతీ నది మీద పొగమంచు పట్టుచీరలా జారిపోతుంటే, దాని మడతల్లోంచి ఒక్కొక్క కమానే బయటపడింది. పాలరాతి స్తంభాలు, స్తంభాల మీద నోళ్ళు తెరిచిన రాతి మకరాలు, వాటి మెడల్లో పగడపు రంగు రాతితో చెక్కిన తామరమాలలు. శంఖపురి కోటద్వారం దగ్గర మొదలైన ఆ వంతెన నది మీద సాగి సాగి, అవతలి ఒడ్డున ఉన్న పొగడరేవుకు ఒక్క కమాను దూరంలో గాలిలో ఆగిపోయింది.

దాని పేరు విజయసేతువు. అంత అందమైన వంతెన ఏ రాజ్యంలోనూ లేదు. దాని మీదుగా ఇంతవరకు ఒక్క మనిషి కూడా అవతలికి వెళ్ళలేదు.

"ఒరేయ్ గురవా! రాళ్ళు మొయ్యడానికొచ్చావా, రంగులు చూడ్డానికొచ్చావా?"

మేస్త్రీ బూసయ్య అరుపుకు, ఒడ్డున నిలబడి వంతెనను చూస్తున్న కూలీ ఉలిక్కిపడ్డాడు. ఒంటి నిండా సున్నం. తలకు చిరిగిన పాగా. వాడు మణిశృంగ రాజ్యపు యువరాజు మేఘధ్వజుడని అక్కడ ఎవరికీ తెలియదు.

రాజు మంచం పట్టాడు. ఖజానా వంతెన కిందికి కారిపోయింది. అంతఃపురంలోని బంగారు ఊయల దగ్గర్నుంచి గుళ్ళలోని గంటల దాకా అన్నీ కరిగిపోయాయి. కొండలకు కొండలు పిండి అయ్యాయి. అయినా ఏటా ప్రధాన స్థపతి మయభద్రుడు కన్నీళ్ళతో సభకు వచ్చి, "మహాప్రభూ! నది వెడల్పు మొదట కొలిచినవాళ్ళు తప్పు కొలిచారు. ఇంకొక్క కమాను కావాలి" అనేవాడు. మొదట కొలిచినవాళ్ళు ఎప్పుడో చనిపోయారు. ఆ ఒక్క కమాను ఎప్పుడూ ఎందుకు తక్కువవుతోందో కళ్ళారా చూద్దామని యువరాజు కూలీ వేషంలో వచ్చాడు.

"మేస్త్రీ, ఇవాళైనా పూర్తవుతుందంటావా?"

"ఎందుక్కాదురా? ఇవాళే కదా మూతరాయి ముహూర్తం! చివరి కమాను నడినెత్తిన ఆ రాయి కూర్చుందంటే అయిపోయినట్టే. కాకపోతే వచ్చే దసరాకి."

"పోయిన దసరాకీ ఇదే మాట అన్నారటగా?"

"అందుకే కదరా వచ్చే దసరా అంటున్నా! పోయిన దసరాకి ఇప్పుడెలా అవుతుంది?" బూసయ్య తన తెలివికి తానే మురిసిపోయాడు. "అయినా నీకెందుకురా తొందర? ఈ వంతెన పనంటే చాలు, మా వాళ్ళకి పిల్లనిచ్చేస్తున్నారు. ఎప్పటికీ పోని కొలువని! గాడిదా, గంజి తాగి రా పో!"

గంజి పొయ్యి ఒడ్డు అంచున ఉంది. పొయ్యి మీద ఏనుగు కూర్చుని స్నానం చేయగలంత రాగి గంగాళం. దాని పక్కన మాచమ్మ ఒక చిన్న బొంత కుడుతూ కూర్చుంది. కూలీలకు గంజి కాచేది ఆమే. కూలీల భార్యలకు పురుళ్ళు పోసేదీ ఆమే.

"ఎవరికత్తా బొంత?" అన్నాడు యువరాజు.

"నా మనవడికి. మనవరాలో!" మాచమ్మ నవ్వి, గడ్డంతో నది వైపు చూపించింది. "మా గొజ్జంగికి ఇవాళో రేపో. తొలిచూలు. తొలి కాన్పు తల్లి దగ్గర కావాలి కదా నాయనా. సీమంతం నాటికి వంతెన అయిపోతుంది, ఎదురెళ్ళి తెచ్చుకుందాం అనుకున్నా."

"నువ్విక్కడ, అమ్మాయి అక్కడ ఎలా అయ్యారు?"

"వంతెనకు పునాది వేసిన రోజున. పొద్దున్నే పడవెక్కి ఇటొచ్చాను, ఒక సాహుకారి భార్యకు నొప్పులంటే. బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి, సాయంత్రానికి వస్తానని మా అత్తకు చెప్పొచ్చాను. ఇక్కడ కాన్పు చేసి బయటికొస్తే డప్పులు, మేళాలు. ఇక వంతెన వస్తోంది, పడవలెందుకని ఉన్న పడవలన్నీ కుప్పేసి తగలబెట్టేశారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు నాయనా. అందరం సంబరంగా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను."

ఆ తరువాత పడవ కట్టడం సేతుద్రోహమని చాటింపు వేశారు. పట్టుబడ్డవాడికి చెరసాల.

అప్పటి నుంచి రెండు ఒడ్లకూ మధ్య మిగిలింది గుడ్డలే. ప్రతి ఇంటి ముందూ ఒక పొడవాటి కొయ్య. పెళ్ళయితే పసుపు గుడ్డ, చావు కబురైతే తెల్లగుడ్డ, నొప్పులు మొదలైతే ఎర్రగుడ్డ. మాచమ్మ తన కూతురి బతుకంతా గుడ్డల్లోనే చూసింది. అది నడక నేర్చిన రోజున ఆకుపచ్చ, పెద్దమనిషైన రోజున చిలకపచ్చ, సూరప్ప తాళి కట్టిన రోజున పసుపు.

"మొదట్లో మా అత్త దాన్ని చంకనేసుకుని ఒడ్డుకొస్తే, ముక్కు పక్కన పుట్టుమచ్చ కూడా కనిపించేది. తర్వాత్తర్వాత మొహమే ఆనడం మానేసింది. ఇప్పుడు మనిషే చీమంత. కళ్ళు తగ్గిపోయాయి నాయనా. నాకొక్కదానికే కాదు, ఈ ఒడ్డున అందరికీ ఇంతే. పాపం స్థపతిగారు ఏటా ఊరందరికీ ధర్మకాటుక పంచుతారు. పెట్టుకుంటూనే ఉన్నా, గుణం లేదు."

మాటల మధ్య దారం అయిపోయింది. ఆమె కొత్త దారం తీసుకుని, వెంట్రుకంత సూది బెజ్జంలోకి చూడకుండానే అన్నట్టు ఒక్కసారికే ఎక్కించేసింది.

యువరాజు ఆ సూది వైపే చూస్తూ ఉండిపోయాడు.

"అత్తా, నీ కళ్ళు తగ్గలేదు."

"ఏంది?"

"సూది బెజ్జం కనిపించే కళ్ళకు మనిషి మొహం ఎందుకు కనిపించదు? తగ్గింది నీ చూపు కాదు. పెరిగింది నది!"

మాచమ్మ నోరు తెరిచింది. ఆ నోరు మూతపడక ముందే అవతలి ఒడ్డున ఏదో కదిలింది. ఊరి నడుమ మిట్ట మీదున్న రెల్లుగుడిసె ముందరి కొయ్య మీదికి గుడ్డ ఎక్కింది. ఎర్రగుడ్డ.

"నొప్పులొచ్చాయి!" మాచమ్మ లేచి నిలబడింది. ఆమె చేతిలోని బొంత కింద పడింది. "నాయనా, నీవి కుర్ర కళ్ళు. ఆ గుడ్డ కింద ముడి ఉందేమో చూడు."

యువరాజు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఉన్నట్టుంది. ముడంటే ఏంటత్తా?"

మాచమ్మ వంగి బొంత తీసుకుంది. దుమ్ము దులిపింది.

"బిడ్డ అడ్డం తిరిగింది" అంది. "పొగడరేవులో ఉన్న మంత్రసాని నా అత్త ఒక్కతే. ఆమె పోయింది. తెల్లగుడ్డ చూశాను. పొద్దు నడినెత్తికొచ్చేలోగా నా చెయ్యి పడకపోతే ఇద్దరూ దక్కరు."

"పద" అన్నాడు యువరాజు.

"ఎక్కడికి? ఆడవాళ్ళు వంతెన ఎక్కితే ముహూర్తం చెడుతుందని స్థపతిగారి ఆజ్ఞ."

యువరాజు తన పాగా విప్పి ఆమె తలకు చుట్టాడు. గుప్పెడు సున్నం తీసి ఆమె చెంపలకు పూశాడు. ఆమె చీరను కొంగుతో సహా మగవాడి గోచీలా బిగించి కట్టుకుంది. "ఇప్పుడు నువ్వు గంజి వండే మాచన్నవి. ముహూర్తం కూలీలకు గంజి కొసకు చేర్చాలి. నోరు మాత్రం విప్పకు."

గంగాళాన్ని బండి మీదికెక్కించారు. వంతెన మొదట్లో ఈటెలవాడు అడ్డుపడ్డాడు.

"ఎవడ్రా వీడు? కొత్త మొహం!"

"వంటవాడు మాచన్న, దొరా. మూగవాడు."

"మీసాల్లేవేందిరా?"

"పొయ్యి ఊదీ ఊదీ కాలిపోయాయి దొరా!"

భటుడు పకపకా నవ్వి ఈటె పక్కకు తీశాడు. బండి గడగడా దొర్లింది. వెనక తోస్తూ మాచమ్మ, ముందు లాగుతూ యువరాజు.

కొసకు చేరేసరికి మంగళవాద్యాలు మిన్నుముడుతున్నాయి. పువ్వుల పందిరి కింద మూతరాయి మోకులకు వేలాడుతోంది. దాని నిండా నవరత్నాలు పొదిగిన కలశం చెక్కి ఉంది. పక్కనే పసుపు పట్టుబట్టలతో స్థపతి మయభద్రుడు. అతని చేతిలో దంతపు కొలబద్ద. వంతెన మొదలైన నాటికే నడివయసు మనిషి. ఇప్పటికీ నడివయసే.

మాచమ్మ ఇవేవీ చూడలేదు. ఆమె పొగడరేవు వైపు చూస్తోంది. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా ఆ ఒడ్డును చూడటం అదే మొదటిసారి. ఒక్క కమాను దూరం. గుడిసె కప్పు మీద ఎండేసిన మిరపకాయలు కనిపిస్తున్నాయి. గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న అల్లుడు సూరప్ప కనిపిస్తున్నాడు. తడిక సందులోంచి గుంజను గట్టిగా పట్టుకున్న ఒక చెయ్యి. గాజులు నిండుగా ఉన్న చెయ్యి.

"నేను దాచిన గాజులే" గొణిగింది మాచమ్మ. "పునాది వేసిన రోజుకు ముందే కొని పెట్టాను, పెద్దయ్యాక వేసుకుంటుందని."

"ముహూర్తం!" స్థపతి గొంతు ఖంగుమంది. "మూతరాయి దిగుతోంది! అందరూ కళ్ళు మూసుకుని దండం పెట్టండి! చూసినవాడి కళ్ళు పోతాయి!"

వంతెన మీదివాళ్ళూ ఒడ్డు మీదివాళ్ళూ ఒక్కసారిగా కళ్ళు మూశారు. ఏటా మూసినట్టే.

యువరాజు మూయలేదు. మాచమ్మకు ఆ మాట వినపడనే లేదు.

మయభద్రుడు కొలబద్దను వంతెన అంచుకు ఆనించి, పెదవులు కదుపుతూ దాన్ని లాగాడు. దంతం జిగురులా సాగింది. బద్ద సాగినంత మేరా నది సాగింది. చాప కింద నీరులా, చప్పుడు లేకుండా, పొగడరేవు మొత్తం వెనక్కి జారిపోసాగింది. గుడిసె, మిరపకాయలు, కొయ్య, గుంజను పట్టుకున్న చెయ్యి...

"ఒడ్డు పోతోంది!" మాచమ్మ కేక పెట్టింది. "నా బిడ్డను తీసుకుపోతున్నాడు! కళ్ళు తెరవండర్రా! కళ్ళు తెరవండి!"

అందరూ కళ్ళు తెరిచారు. అప్పటికి ఒడ్డు రెండు కమాన్ల దూరంలో ఉంది. మూతరాయి కింద శూన్యం.

"అయ్యో!"

వేల గొంతుల్లోంచి ఒకే నిట్టూర్పు వెలువడింది. అది తెల్లటి ఆవిరిగా లేచి, గాలిలో మెలి తిరుగుతూ వచ్చి మయభద్రుడి ముక్కుపుటాల్లోకి దూరింది. అతని చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు నల్లబడ్డాయి.

"నీ భోజనం ఇదా, మాంత్రికుడా!" యువరాజు ముందుకు దూకాడు. "ఇన్నేళ్ళూ మా ఎదురుచూపులు తిని బతుకుతున్నావా!"

మయభద్రుడు చిరునవ్వు నవ్వాడు. "యువరాజా మేఘధ్వజా! సున్నం నీకు బాగా నప్పింది. ప్రజలకు వంతెన కావాలి. నాకు వాళ్ళు ఎదురుచూడటం కావాలి. ఎవరికి ఏం తక్కువైంది? భటులారా! సేతుద్రోహి!"

"ఓరి నాయనో!" మోకుల దగ్గరున్న బూసయ్య తల పట్టుకున్నాడు. "ఇందాక యువరాజును గాడిదన్నాను!"

"బూసయ్యా! బద్ద వంతెనకు ఆనితేనే నది సాగింది. ఒక్క దోనె దొరికినా చాలు, వంతెనతో పని లేకుండా నీళ్ళ మీదే దాటేస్తాను!" యువరాజు చుట్టూ చూశాడు. పడవ లేదు. దుంగ లేదు. చూపు గంగాళం మీద ఆగింది.

మాచమ్మ అప్పటికే దాన్ని వంచేస్తోంది. గంజి కాలువలా పారి, పరుగెత్తుకొస్తున్న భటుల కాళ్ళ కింద చేరింది. ముందువాడు జారాడు. వాడి మీద రెండోవాడు, వాడి మీద ఇందాక మీసాల సంగతి అడిగిన భటుడు.

"రాళ్ళెత్తే కప్పీకి కట్టండ్రా!" బూసయ్య అరిచాడు. "యువరాజా, దిగండి! అత్తా, నువ్వూ దిగు! మా ఆవిడకు మూడు కాన్పులు చేశావు. ఈ ఒక్క మోకు నేను పట్టలేనా!"

మోకు కిర్రుమంది. గరిటె ఒక చేత్తో, బొంత ఒక చేత్తో మాచమ్మ. మూత పట్టుకుని యువరాజు. గంగాళం గిరగిరా తిరుగుతూ కిందికి దిగి, నీళ్ళను తాకి, తేలింది.

ఘోషవతి దాన్ని గింగిరాలు కొట్టించింది. యువరాజు మూతతో తెడ్డు వేస్తున్నాడు. రెండు బారలు సాగారో లేదో, వెనక ఏదో విరిగిన చప్పుడైంది. స్తంభం మీది రాతి మకరం మెడలోని తామరమాలను తెంచుకుని నదిలోకి దూకింది. దాని రాతి కళ్ళు ఎర్రగా వెలుగుతున్నాయి.

"అత్తా, కింద కూర్చో!"

మకరం దవడలు తెరిచి గంగాళం అంచు కొరికింది. రాగి నొక్కుకుపోయింది. నీళ్ళు లోపలికి చిమ్మాయి. రెండోసారి నోరు తెరవగానే మాచమ్మ చేతిలోని గరిటె లాక్కుని యువరాజు దాన్ని నిలువుగా ఆ నోట్లో గుచ్చాడు. పై దవడకూ కింది దవడకూ మధ్య గరిటె బిగుసుకుపోయింది. మకరం తల విదిలించింది, గింజుకుంది, మూయలేని నోటి నిండా నది నీళ్ళు నిండి బుడుంగున మునిగిపోయింది.

"నా గరిటె!" అంది మాచమ్మ.

"బంగారుది చేయిస్తాను."

"వద్దు. గంజి అంటుకుంటుంది."

నవ్వబోయి ఆగిపోయాడు యువరాజు. ఎంత తెడ్డు వేసినా ఒడ్డు దగ్గరవడం లేదు. పైన వంతెన కొసన మయభద్రుడు బద్దను ఇంకా ఇంకా లాగుతున్నాడు. ఎర్రగుడ్డ మళ్ళీ చీమంత అయిపోయింది. ఒడ్డున, వంతెన మీద, జనం గుండెలు బాదుకుంటున్నారు. అయ్యో! అయ్యయ్యో! ఆ ఆవిరంతా తీగలు తీగలుగా వెళ్ళి మాంత్రికుడి ముక్కులోకి దూరుతోంది.

మాచమ్మ కొయ్య వైపు చూస్తూ, లోపలికి వచ్చిన నీళ్ళను దోసిళ్ళతో ఎత్తిపోస్తోంది. ఏడవడం లేదు. "బిడ్డ దాకా వచ్చిన తల్లిని చూసి అందరూ జాలి పడుతున్నారు నాయనా. ఆ జాలే వాడికి తిండి. వాళ్ళ నోళ్ళకు వేరే పని చెప్పు."

యువరాజు కళ్ళు మెరిశాయి. చేతులు బూరలా పెట్టి అరిచాడు.

"బూసయ్యా! రాయి లాగేటప్పుడు ఏమని పాడతారు?"

"ఐలేసా అని!"

"పాడించు! రాయిని కాదు, ఒడ్డును లాగండి!"

బూసయ్య మోకు మీద చేతులు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా ఎత్తుకున్నాడు.

"ఐలేసా! లాగర లాగు!"

"ఐలేసా!" అన్నారు పక్కనున్న కూలీలు.

"మాచమ్మత్తకు దారిని లాగు!"

"ఐలేసా!"

"మనవడి మొహము ముందుకు లాగు!"

"ఐలేసా!" ఈసారి వంతెనంతా అంది. సున్నం గానుగల దగ్గరివాళ్ళు అందుకున్నారు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు అందుకున్నారు. ఊపిరంతా పాటకే సరిపోయింది. నిట్టూర్చడానికి ఎవరి దగ్గరా ఊపిరి మిగల్లేదు.

మయభద్రుడు దగ్గాడు. నల్లబడ్డ వెంట్రుకలు తెల్లబడ్డాయి. చేతిలో బద్ద సర్రున వెనక్కి ముడుచుకుంది, కాలిన వెంట్రుకలా.

నది ముడుచుకుంది!

ఇన్నేళ్ళూ దొంగిలించిన దూరమంతా ఒక్కసారిగా తిరిగొచ్చింది. పొగడరేవు పరుగెత్తుకొచ్చింది. తోటలు, కోళ్ళు, అరుగుల మీద ముసలివాళ్ళతో సహా ఊరు ఊరంతా వంతెన కిందికి దూసుకొచ్చింది. స్తంభాల చుట్టూ నేల నీళ్ళలా చీలి పారింది. మొన్నటిదాకా నదిలో నిలబడ్డ కమాన్లు ఇప్పుడు జొన్నచేలలో, పెరళ్ళలో, పశువుల కొట్టాల మధ్య నిలబడ్డాయి. నది పాతికేళ్ళనాటి నదిగా మిగిలింది. వంతెనేమో దాని మీదుగా సాగి, ఊరు సగం దాటి ఆగింది. గంగాళం ఒడ్డుకు ఢీకొని, రాగి తాంబాళంలా మోగింది.

మాచమ్మ దిగి పరుగెత్తింది. కూలీ పాగా ఊడిపోయింది. గుమ్మంలో సూరప్ప అడ్డం నిలబడ్డాడు.

"ఎవరు నువ్వు? మగవాళ్ళు లోపలికి రాకూడదు!"

"నీ అత్తని రా. వేణ్ణీళ్ళు పెట్టు, ఆముదం తే."

లోపల చాప మీద గొజ్జంగి గుంజను పట్టుకుని ఉంది. చెమటతో జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసింది. మొహం నిండా సున్నం, మగవాడి గోచీ, చేతిలో తడిసిన బొంత.

మాచమ్మ గుమ్మం దాటింది. కొంగు లేక, బొంత అంచుతోనే తన మొహం తుడుచుకుంది.

"అమ్మా" అంది గొజ్జంగి. ప్రశ్నలా కాదు. "నీకూ ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందే! నాకెవరూ చెప్పలేదు."

మాచమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కూతురి తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. ఉయ్యాల్లో వదిలిన నాడు కూడా ఇలాగే తోసింది.

"సాయంత్రానికి వస్తానని చెప్పాను" అంది. "కొంచెం ఆలస్యమైంది తల్లీ."

గొజ్జంగి నవ్వింది. నవ్వు మధ్యలోనే నొప్పి వచ్చింది. మాచమ్మ చేతులకు ఆముదం రాసుకుంది.

బయట యువరాజు ఊపిరి పీల్చుకోబోయాడు. నెత్తి మీద నీడ పడింది. ఎండలో నీడ ఎక్కణ్ణుంచి? తలెత్తి చూశాడు.

సరిగ్గా గుడిసె మీద, ఆకాశంలో, విజయసేతువు కొస. దాని చివర మోకులకు ఊగుతున్న మూతరాయి. ఒడ్డు ముందుకు రావడంతో ఆ రాయి గుడిసె కప్పుకు నేరుగా పైకొచ్చింది. కొసన ఒక ముడతల ముసలివాడు, పళ్ళు లేని నోరు, వేలంత బద్ద. పసుపు పట్టుబట్టలు మాత్రం అవే. అతని చేతి కత్తి మోకు మీద ఉంది.

"యువరాజా!" ఆ గొంతు ఎండుటాకులా గరగరలాడింది. "ఆ ఆడదాన్ని గంగాళంలో ఎక్కించి అవతలికి పంపు. నాకు ఒక్క మనిషి ఎదురుచూపు చాలు, బతికిపోతాను. పంపకపోతే ఇన్నేళ్ళ తరువాత మూతరాయి ఇవాళ నిజంగానే దిగుతుంది!"

"గొజ్జంగిని బయటికి తేండి!" యువరాజు గుమ్మం వైపు అరిచాడు.

మాచమ్మ గుమ్మంలోకి వచ్చింది. మోచేతుల దాకా ఆముదం, నెత్తురు. పైకి చూసింది. రాయిని చూసింది, ముసలివాణ్ణి చూసింది.

"కదపకూడదు నాయనా. కాళ్ళొచ్చాయి. తల రావాలి." ఆమె మళ్ళీ రాయి వైపు చూసింది. "ఆ రాయిని ఎంతసేపు ఆపగలవు?"

"నీకెంతసేపు కావాలత్తా?"

"అది నేను చెప్పలేను. బిడ్డ చెప్పాలి."

"అయితే బిడ్డ చెప్పేదాకా ఆపుతాను."

మాచమ్మ అతని సున్నపు చెంపను ఒక్కసారి నిమిరి లోపలికి వెళ్ళి తడిక వేసుకుంది.

యువరాజు మొలలో దాచుకున్న కత్తిని తీసి పళ్ళ మధ్య పట్టి, పక్క పెరట్లో నిలబడ్డ వంతెన స్తంభం మీదికి ఎగబాకాడు. తామరమాలల రేకులే మెట్లు. పైన మాంత్రికుడు కత్తి ఆడించాడు. మోకు పురి ఒకటి టప్పున తెగింది. రాయి ఒక పక్కకు ఒరిగింది. నవరత్నాల కలశం ఎండలో తళతళలాడింది.

"బూసయ్యా! మోకు కొస!"

"పట్టాం బాబూ! కానీ చేతులు జారుతున్నాయి! అంతా గంజి!"

రెండో పురి తెగింది. కూలీలు కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలారు. వాళ్ళ వెనక, గంజిలో పడి లేచిన ఆ మీసాల సంగతి అడిగిన భటుడు ఒక్క క్షణం ఈటె వైపూ గుడిసె వైపూ చూసి, ఈటె అవతల పారేసి మోకు పట్టుకున్నాడు. వాడి వెనక మరొకడు. యువరాజు కమాను అంచు అందుకున్నాడు. మాంత్రికుడి కాలికి అతని చేతికి మధ్య జానెడు దూరం.

గుడిసెలోంచి గొజ్జంగి కేక వినిపించింది. ఆ తరువాత ఏ చప్పుడూ లేదు. పాట ఆగింది. రెండు ఒడ్లూ చెవులు రిక్కించాయి.

సన్నగా, కోపంగా, కొత్తగా ఒక ఏడుపు మొదలైంది.

మయభద్రుడి మొహం పాలిపోయింది. రెండు చేతులా కత్తి ఎత్తి చివరి పురి మీదికి దించాడు.

రాయి కదిలింది. ఈసారి వంతెన మీద ఒక్కరు కూడా కళ్ళు మూసుకోలేదు.